మిరపకాయ మీద పెట్టిన నేరం

కొత్తవాడ, వరంగల్
9 ఫిబ్రవరి 1986, ఆదివారం

ప్రియమైన కమల వదినకు,

ఈ రోజు మొదటి వింత పొద్దున్నే ఎదురైంది. పళ్ళపొడి ఇంకా అరచేతిలోనే ఉంది. పెట్టె మూత తీసి మక్కను ఎత్తుకోబోతే అది ఒక్క అరుపు అరిచి, పక్కకు ఒరిగి, నాలుగు కాళ్ళూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. మెడ వెనక్కి విరుచుకుపోయింది. బాపు మగ్గం ఆపి వచ్చి, మూర్ఛ వచ్చింది, ఇనుము ముట్టించు అన్నాడు. నేను తాళంచెవి తెచ్చి దాని కాలికి ఆనించి కూర్చున్నాను. కాసేపటికి అదే లేచింది. లేచి ఏం చేసిందనుకున్నావు? వెనక కాలు ఎత్తి వీపు గోక్కుంది. గోకిన చోట వెంట్రుకలు గుప్పెడు రాలాయి. కింద చర్మం ఎర్రగా, గరుకుగా, రక్తపు చారలతో ఉంది.

నువ్వు ఇచ్చిన మూడు గినీపిగ్గుల్లో మక్క అంటే నాకు ఎంత ప్రాణమో నీకు తెలుసు. నల్లటి బొగ్గు, మొన్న క్రిస్మస్ సెలవులకు నువ్వు బుట్టలో పెట్టి తెచ్చిన తెల్లటి దూది కూడా ఇష్టమే. కానీ మక్క ఇప్పుడు కడుపుతో ఉంది. పొట్ట మీద చెయ్యి పెడితే లోపల కదలిక తెలుస్తోంది. వచ్చే నెలలో ఈనుతుందని నేను లెక్కపెట్టుకుంటున్నాను. ఇటువంటప్పుడు ఇది.

కారణం నాకు తెలుసు. అమ్మ.

జనవరి చివర నుంచి అమ్మ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతోంది. సాయంత్రం వచ్చీ రాగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా, కొంగులోంచి గోబాకు, క్యాబేజీ పైఆకులు, తీసి పెట్టె దగ్గర కూర్చుంటుంది. ఆమె గాజుల చప్పుడు వినగానే మూడూ ఈలలు వేస్తాయి. మక్కను ఒళ్ళో వేసుకుని వీపంతా నిమురుతుంది. ఆ చేతులు ఎట్లాంటి చేతులు వదినా! వాటితో నా తలకు నూనె పెడితే నాకే కళ్ళు మండుతాయి. మరి పిడికెడు ప్రాణికి?

ఈ రోజు మక్క పడిపోయాక నేను ఆగలేకపోయాను. అమ్మ ముందు నిలబడి అనేశాను. “నీ మిర్పకాయల చేతులు తాకే ఇది సస్తాంది. ఇగ దాన్ని ముట్టకు.” అమ్మ చేతిలోని గోబాకు కింద పెట్టి లోపలికి పోయింది. తప్పు చేసినవాళ్ళు మాట్లాడరు కదా.

నువ్వు హైదరాబాద్‌లో మందుల కంపెనీ ఎనిమల్ హౌస్‌లో, మందుల పరీక్షలకు పెంచే ఇటువంటి జీవాలనే రోజూ చూస్తావు. మిరప ఘాటుకు ఏం రాయాలో వెంటనే రాయి. దురదకు మన ఇంట్లో ఎన్ని మాటలున్నాయో అని ఈ మధ్య రాసుకుంటున్నాను. దురద, జిల, గుల, నవ, చిమచిమ. ఇన్ని మాటలుండి ఒక్క మందు లేదు.

నీ మరదలు
అనసూర్య


సనత్‌నగర్, హైదరాబాద్
14 ఫిబ్రవరి 1986

బంగారు మరదలికి,

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు ఎదురుగా నిలబడి చెయ్యి ఊపుతూ తగవు పడుతున్నట్టే ఉంది. డాక్టరమ్మవు ఇంకా కాలేదు, కోపం మాత్రం పెద్ద డాక్టర్లది వచ్చేసింది. ఇంటర్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి. అది గుర్తుందా?

మిరప ఘాటు చిన్న ప్రాణులకు పడదు. నువ్వు అన్నదే అయి ఉంటుంది. పొలుసులు లేచిన చోట కొబ్బరినూనె పలచగా రాయి. గోబాకు, జామపండు, ఉసిరి ముక్క రోజూ పెట్టు. ఇవి మనలాగే, పుల్లటిది తినకపోతే నీరసించిపోతాయి. మక్కను పిడికిట పట్టి ఎత్తకు. కిందినుంచి రెండు చేతులూ పెట్టి ఎత్తు. పట్టుకున్నప్పుడే ఎక్కువగా పడిపోతుంది.

దూది సంగతి నువ్వు ఏమీ రాయలేదు. దాని తొడల లోపలివైపు, భుజాల మీద పొట్టు లేస్తోందేమో చూడు. దాన్ని వేరే పెట్టెలో పెడితే మంచిది. మక్క కడుపుతో ఉంది కదా, ఇరుకవుతుంది. ముట్టుకున్న ప్రతిసారీ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కో. అత్తమ్మను కూడా కడుక్కోమను.

ఇక్కడ కొత్త సూపర్‌వైజర్ వచ్చాడు. బూట్లకు మట్టి అంటితే కూడా సంజాయిషీ అడుగుతాడు. సెలవు దొరకడం కష్టం. మామయ్యకు ఇవన్నీ చదివి వినిపించకు, ఊరికే కంగారు పడతాడు.

నీ వదిన
కమల


కొత్తవాడ, వరంగల్
20 ఫిబ్రవరి 1986

కమల వదినకు,

బొగ్గు చచ్చిపోయింది.

కొబ్బరినూనె రాశాను. జామపండు పెట్టాను. రెండు చేతులతో ఎత్తాను. గోకుడు తగ్గలేదు సరికదా బొగ్గుకు, దూదికి కూడా పాకింది. మంగళవారం నేను కాలేజీలో ఉండగా బాపు ఇవి పేలు అనుకున్నాడు. మా అర్రలో ఒక డబ్బా ఎప్పుడూ ఉంటుంది చూడు, నూలు కట్టలకు పురుగు పట్టకుండా చల్లే గమేక్సిన్ పొడి. అది తెచ్చి మొదట బొగ్గుకు మెడ నుంచి వెనక కాళ్ళ దాకా పట్టించాడు. చిన్నప్పుడు నా తలకు కూడా అదే పొడి రాసి గుడ్డ కట్టారట, నాకేం కాలేదట. నేను మధ్యాహ్నం వచ్చేసరికి బొగ్గు ఒళ్ళంతా నాక్కుని, నోట్లో నుంచి చొంగ కారుతూ వణుకుతోంది. నీళ్ళు పోసి కడిగాను. పొద్దు గూకకముందే పోయింది.

నేను బాపు మీద అరిచాను. బాపు మీద నేను గొంతెత్తడం అదే మొదటిసారి. “పానం పోతదని నాకెర్క గాదు బిడ్డా” అని మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడు కానీ ఆ రోజు ఇక నేయలేదు. పక్కింటి యాకమ్మ వచ్చి, మిగిలిన రెండింటికీ దీపాల్లో పోసే గాసునూనె పూయండి, పేలన్నీ పోతాయి అంది. నేను పెట్టె మీద పడుకున్నంత పని చేశాను.

మక్కను గంపలో పెట్టుకుని పశువుల దవాఖానకు పోయాను. అక్కడి డాక్టరు దాన్ని తిప్పి చూసి, “ఇదేంది, కుందేలు పిల్లనా? నేను బర్లకు, ఎడ్లకు మందు రాస్తనమ్మా, దీనికి ఎంత పోయాల్నో నాకు తెల్వది” అన్నాడు. నాకు కోపం వచ్చింది. కానీ తెలియదని చెప్పాడు కదా, తెలిసినట్టు ఏదో పోయలేదు. అంత నయం.

తర్వాత మా జువాలజీ లెక్చరర్ కిషన్ రావు సార్‌ను బతిమాలాను. దువ్వెనకు వచ్చిన పొట్టు కాగితంలో కట్టుకుని పోతే మైక్రోస్కోపు కింద పెట్టనిచ్చారు. వెంట్రుకలు, దుమ్ము, పొట్టు. అంతే. ఏ పురుగూ లేదు. సార్ నవ్వలేదు, అదే ఎక్కువ.

అమ్మ సంగతి. ఆ రోజు నుంచి పెట్టె వైపు రావడం లేదు. గోబాకు మాత్రం తెచ్చి గడప మీద పెట్టి పోతోంది. ఆమె మోచేతుల లోపలివైపు ఎర్రటి పొక్కులు లేచాయి. పొద్దున లేచేసరికి రక్తం వచ్చేలా గోక్కుని ఉంటోంది. మిరపకాయల పనిలో చేతులు అట్లాగే ఉంటాయని ఎవరూ పట్టించుకోలేదు. నిన్న యార్డులో వాళ్ళ జట్టు పెద్ద బక్కమ్మ చూసి, గజ్జి చేతులతో కుప్ప ముట్టొద్దు, తగ్గినాక రా అని అందరి ముందూ లేపి పంపించిందట. అమ్మ ఈ సంగతి నాకు చెప్పలేదు. యాకమ్మ చెప్పింది.

ఇక నీకు ఒక ప్రశ్న. దూదికి ఏమైనా అయిందని నేను నీకు రాయలేదు. నీ ఉత్తరం వచ్చాక దాన్ని తిప్పి చూశాను. తొడల లోపలివైపు, భుజాల మీద, నువ్వు రాసిన చోటల్లోనే, పసుపు రంగు పొట్టు కట్టి ఉంది. తెల్ల వెంట్రుకల కింద ఇన్నాళ్ళూ నాకు కనిపించలేదు. నీకు అంత దూరం నుంచి ఎట్లా కనిపించింది?

అనసూర్య


సనత్‌నగర్, హైదరాబాద్
25 ఫిబ్రవరి 1986

అనసూర్యకు,

గమేక్సిన్ చల్లారా? ఒళ్ళంతా నాక్కునే జంతువు మీద? నీ తల నువ్వు నాక్కున్నావా చిన్నప్పుడు? ఆ డబ్బా ఇంట్లో ఉందని తెలుసు, మామయ్యకు చెయ్యి ఆగదని తెలుసు, పెట్టెకు ఒక తాళం వేయలేకపోయావా? బొగ్గును అది పుట్టిన రోజు నుంచి మీకు ఇచ్చేదాకా నేనే పెంచాను. నీ ఉత్తరం పట్టుకుని ఎనిమల్ హౌస్ వెనక కూర్చుని ఏడ్చాను. సూపర్‌వైజర్ వచ్చి ఏమైందంటే కంట్లో పొట్టు పడిందన్నాను.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. పేలయితే కంటికి కనిపిస్తాయి. ఎండలో కూర్చుని, చెవుల వెనక వెంట్రుకలు పాయలు తీసి చూడు. పొడుగ్గా, లేత రంగులో, వెంట్రుకల మొదట్లో పరుగెడుతుంటాయి. నల్ల కాగితం మీద దువ్వితే రాలతాయి. పేలు పట్టిన జంతువు గోక్కుంటుంది కానీ ఇట్లా పడి కొట్టుకోదు. పడి కొట్టుకుంటోంది అంటే అది మూర్ఛ కాదు, ఓర్చుకోలేని దురద. ఆ పురుగు చర్మం పైన ఉండదు. లోపల సొరంగాలు తవ్వుకుని ఉంటుంది. అందుకే నీ దువ్వెనకు రాలేదు.

పాత బ్లేడు తీసుకో. మొండి అంచుతో, పొలుసు కట్టిన చోటికీ మంచి చర్మానికీ మధ్య ఉండే అంచు దగ్గర గీకు. మంచినూనె చుక్క వేసి గీకితే పొడి ఎగిరిపోదు. చర్మం కింద రక్తం చెమ్మలా కనిపించేదాకా గీకాలి. అంతకంటే లోతుకు పోవద్దు. నూనెతో సహా గాజు పలక మీద పెట్టి, చిన్న లెన్సుతో మొదలుపెట్టి చూడు. ఒక్కసారి కనిపించకపోతే ఇంకో చోట. మక్కను ముట్టకు, కడుపుతో ఉంది, గీకితే మళ్ళీ పడిపోతుంది. దూది నుంచి తియ్యి.

పెట్టెలో వాటి కింద పరిచిన నూలు పీచు అంతా కాల్చెయ్యి. పెట్టెకు సలసల కాగే నీళ్ళు పోసి ఎండలో పెట్టు.

నీ ప్రశ్నకు జవాబు: నాలుగేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, నాకు ఆ మాత్రం తెలియదా? ముందు చూసి రాయి. ప్రశ్నలు తర్వాత.

కమల


కొత్తవాడ, వరంగల్
2 మార్చి 1986

కమలకు,

వదిన అనే మాట ఈ ఉత్తరంలో రాయను. రాయాలనిపించలేదు.

చూశాను. నిన్న కాలేజీ అయిపోయాక కిషన్ రావు సార్ లాబ్ తాళం తీసి పెట్టారు. నువ్వు చెప్పినట్టే దూది తొడ మీద నూనె వేసి గీకాను. మొదటి పలకలో ఏమీ లేదు. రెండోదాంట్లో ఒక గుండ్రటి వస్తువు. గాలిబుడగ అనుకున్నాను. బుడగకు కాళ్ళుండవు. పొట్టిగా, మొండిగా, ఒంటికి అతికించినట్టున్న కాళ్ళు. అది కదిలింది. పక్కనే కోలగా గుడ్డు. సార్ చూసి, “దొరికిందమ్మా నీ దొంగ” అన్నారు. పుస్తకం తెరిచి బొమ్మ చూపించారు. గజ్జి పురుగు జాతి. ఈ జీవాలకు వచ్చేది ఈ జీవాల నుంచే వస్తుందట. గాలిలో రాదు, గడ్డిలో పుట్టదు. మిరపకాయలో అసలే పుట్టదు.

పరాన్నజీవి అనే మాట నిరుడు చదువుకున్నప్పుడు ఎంత బాగుందో అనుకుని పుస్తకం అంచు మీద మళ్ళీ మళ్ళీ రాసుకున్నాను. నిన్న దాన్ని చూశాక ఆ మాట మళ్ళీ రాయబుద్ధి కాలేదు.

మక్క, బొగ్గు మా ఇంట్లో ఏడాది నుంచి ఉన్నాయి. గోక్కోలేదు. క్రిస్మస్‌కు దూది వచ్చింది. జనవరి చివర మక్క గోకడం మొదలుపెట్టింది. అదే వారం అమ్మ యార్డుకు పోవడం మొదలుపెట్టింది. నేను రెండోదాన్ని పట్టుకున్నాను. నువ్వు నన్ను పట్టుకోనిచ్చావు. “నువ్వు అన్నదే అయి ఉంటుంది” అని రాశావు. అదే కాగితం మీద, కింది పేరాలోనే, దూది తొడలు చూడమని రాశావు. మోచేతుల దాకా కడుక్కోమని రాశావు. నీకు తెలుసు. మొదటి ఉత్తరం చదివినప్పుడే నీకు తెలుసు.

ఇంటికి వచ్చి అమ్మ దగ్గర కూర్చున్నాను. చెయ్యి చూపించమన్నాను. చూపించలేదు. మంటగా ఉందా అని అడిగితే అప్పుడు చెప్పింది. “మిర్పకాయది మంట. నాకు ఎర్కలేదా, ఎన్నేండ్ల సంది తీస్తాన. సల్ల పోసుకుంటే సల్లబడ్తది. ఇది మంట గాదు, గుల. పండుకున్నంక మొదలైతది.” ఎక్కడెక్కడ అని అడిగితే, మక్కను ఒళ్ళో వేసుకున్నప్పుడు దాని పొట్ట ఆనే చోటు చూపించింది. రెండు మోచేతుల లోపలివైపు. అరచేతుల్లో లేదు వది... చూడు, అలవాటులో వచ్చేసింది. అరచేతుల్లో ఒక్క పొక్కు లేదు. మిరపకాయ ముట్టేది అరచేతులతో కదా. ఇంట్లో ఉన్న నేను ఆ చేతులు ఒక్కసారి తిప్పి చూడలేదు.

ఆమె చేతుల నుంచి మక్కకు రాలేదు. మక్క నుంచి ఆమె చేతులకు వచ్చింది. నేను ఆమెను ముట్టొద్దన్నాను. యార్డులో బక్కమ్మ కాయ ముట్టొద్దంది. ఇంట్లో, పనిలో, రెండు చోట్లా నా తల్లి అంటరాని చేతులతో తిరిగింది. బొగ్గు మట్టిలో ఉంది.

నీకు తెలిసిన నిజం మొత్తం ఈసారి రాయి. మందు కూడా రాయి. మందు లేకుండా నిజం ఒక్కటే రాసి పంపినా చదవను.

అనసూర్య


సనత్‌నగర్, హైదరాబాద్
6 మార్చి 1986

అనసూర్యకు,

ముందు మందు. నిజం దాని తర్వాత రాశాను. మందు దాకా చదివి కాగితం చించేసినా సరే.

గంధకం పొడి ఒక వంతు, సున్నం అందులో సగం, నీళ్ళు బోలెడు. ఇత్తడి, రాగి గిన్నె వద్దు, నల్లబడిపోతుంది. ఇనప కాగు కానీ మట్టికుండ కానీ మంచిది. కలుపుతూ గంట సేపు కాచాలి. మొదట పసుపుగా ఉండి, తర్వాత ఇటుక రంగుకు వస్తుంది. దించి కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు పోతుంది. పైన తేరిన నీళ్ళు మాత్రం ఒంపుకుని, ఒక గ్లాసుకు పెద్ద బిందెడు గోరువెచ్చటి నీళ్ళు కలుపు. అంత పలచగా ఉండాలి. జంతువును మెడ దాకా ముంచి, పొలుసులు నానేదాకా చేత్తో నీళ్ళు పోస్తుండు. తల మీద గుడ్డతో అద్దు. కళ్ళలో పడనీయకు. కడిగేయకు. గుడ్డతో ఒత్తి, గాలి తగలని చోట వెచ్చగా ఆరనీ. ఆరేదాకా నాక్కోనీయకు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, వాకిట్లో చెయ్యండి. వారానికి ఒకసారి, కొత్త చర్మం కనిపించేదాకా. గుడ్లు ఆ మందుకు చావవు, పొదిగినాక పిల్లలను పట్టుకోవాలి. అందుకే మళ్ళీ మళ్ళీ. ఒక్క జంతువును వదిలినా అంతా వృథా. మక్కను గుడ్డలో చుట్టి ముంచు, చేత్తో బిగించకు. ఇక్కడికి వచ్చే పశువైద్యుణ్ణి, మా ఊరి ఇంట్లో ఉన్నాయని చెప్పి అడిగి తెలుసుకున్నాను.

అత్తమ్మకు భయం లేదు. ఈ పురుగు మనిషి ఒంటి మీద కాపురం పెట్టలేదు. జంతువులకు నయమైతే ఆమెకూ తగ్గిపోతుంది. అయినా దవాఖానలో ఒకసారి చూపించు, మిరపకాయ అని చెప్పకుండా గినీపిగ్గు అని చెప్పి చూపించు. బట్టలు ఉడకబెట్టి ఉతకండి.

ఇక నిజం. నవంబర్‌లో మా దగ్గర చివరి గదిలో గోకుడు మొదలైంది. బ్లేడుతో గీకితే ఇదే దొరికింది. గది మొత్తం ఖాళీ చేయమని పై నుంచి ఆర్డర్ వచ్చింది. ఖాళీ చేయడం అంటే ఏమిటో నీకు విడమర్చి రాయక్కర్లేదు. ఆ పని చేసేది నేనూ, ఎల్లస్వామి అనే ఇంకో మనిషీ. ఒక్కొక్క బోను తెచ్చి ఇస్తున్నాను. చివరి బోనులో దూది ఉంది. నన్ను చూసి, గడ్డి వేస్తానని ఈల వేసింది. దాని ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. నేను దాన్ని తీసి నా టిఫిన్ సంచిలో పెట్టుకున్నాను. నేనుండే గదిలో నెల దాకా దాచి చూశాను. గోక్కోలేదు. బాగుందనుకున్నాను. బాగుండాలని అనుకున్నాను. అందుకే సెలవులకు మీ ఇంటికి తెచ్చాను.

నీ మొదటి ఉత్తరం చదవగానే తెలిసింది. నిజమే. దొంగతనంగా తెచ్చానని బయటపడితే ఉద్యోగం పోతుంది. ఉత్తరం మామయ్యకు చదివి వినిపిస్తావు, మామయ్య నలుగురిలో అంటాడు, ఇక్కడ పని చేసేవాళ్ళలో మన కొత్తవాడవాళ్ళే ఇద్దరున్నారు. భయపడ్డాను. మిరపకాయ అని నువ్వే రాశావు, నేను దాని వెనక దాక్కున్నాను. బొగ్గు పోవడానికి నా భయం కారణం. దాన్ని నేను మోస్తాను.

కానీ ఒక్కటి మోయను. “ముట్టకు” అని అత్తమ్మతో నువ్వన్నది నా ఉత్తరం నీకు అందకముందే అన్నావు. నేను ఆ రోజు వరంగల్‌లో లేను. ఆ మాట నీ నోట్లో నేను పెట్టలేదు. దాని కోపం కూడా కలిపి నా మీద పోస్తున్నావు. పొయ్యి, కానీ అది నాది కాదని తెలిసి పొయ్యి.

రమ్మంటే సెలవు పెట్టి వస్తాను. జీతం కోసినా వస్తాను. వద్దంటే రాను.

కమల


కొత్తవాడ, వరంగల్
15 మార్చి 1986, శనివారం

కమల వదినకు,

మాట తిరిగి పెట్టాను. నీ మీద కోపం పోయిందని కాదు. కోపం కూడా వదిన మీదే ఉంటే బాగుంటుందని.

నీ చివరి పేరా చదివి కాగితం చించబోయాను. చించలేదు, వెనకవైపు మందు ఉంది. తర్వాత ఆ పేరాను మళ్ళీ చదివాను. మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి నీ మీద కాదు.

పోయిన ఆదివారం వాకిట్లో పొయ్యి పెట్టాము. కాగు బాపుదే, నూలుకు రంగులు వేసే పాత ఇనప కాగు. గంధకం, సున్నం వేసి కలుపుతుంటే బాపు పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. నేను గడియారం చూస్తున్నాను, ఆయన రంగు చూస్తున్నాడు. “ఇంకా కాలే. ఇది పసుపే. జర ఆగు” అంటూ ఇటుక రంగు వచ్చాకే దించనిచ్చాడు. వాడకట్టు అంతా కుళ్ళిన గుడ్ల వాసన. యాకమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని వచ్చి, ఎవరికి తద్దినం పెడుతున్నారు అంది. గమేక్సిన్ డబ్బా ఇప్పుడు ఇంట్లో లేదు. 

మక్కను గుడ్డలో చుట్టి ఎత్తాను. ఎత్తీ ఎత్తగానే అరిచి, విరుచుకుపోయింది. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ అదే. పొట్టలో పిల్లలు ఏమవుతాయోనని దాన్ని మళ్ళీ పెట్టెలో దించేశాను. అప్పుడు అమ్మ గడప దిగి వచ్చింది. గాజులు చప్పుడు చేస్తూ పెట్టె ముందు కూర్చుంది. మక్క చిన్నగా ఈల వేసింది, ఇన్ని రోజుల తర్వాత. అమ్మ కింద నుంచి చేతులు పెట్టి ఎత్తి, అట్లాగే నీళ్ళలోకి దించింది. అది ఒక్కసారి వణికి ఊరుకుంది. నేను చెంబుతో పోశాను. నీళ్ళు పోస్తూనే అన్నాను, తప్పయింది అమ్మా, నీ చేతులది ఏమీ లేదు అని.

అమ్మ నా వైపు చూడలేదు. “మిర్పకాయ మంట పొద్దుగూకేసరికి పోతది. నీ మాట ఇంకా మంటనే ఉన్నది” అంది. ఆ తర్వాత, “నీళ్ళు పొయ్యి, సల్లగైతానయ్” అంది.

అక్కడితో అయిపోయిందనుకుంటున్నావు. కాలేదు. తర్వాత దూది వంతు. నేను చెంబు కింద పెట్టేశాను. దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. ఇల్లంతా తగలబెట్టింది ఇదే కదా. బాపు, దీన్ని తీసుకపోయి చెరువు కట్ట మీద వదిలేద్దాం అన్నాడు. నేను వద్దనలేదు. నిజం రాస్తున్నాను, వద్దనలేదు. అమ్మ మాత్రం దూదిని ఎత్తి నీళ్ళలో పెట్టి, ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో తనే పోసుకుంటూ అంది. “మొన్న నా చేతులు. తర్వాత కమల. ఇయ్యాల ఇది. ఎప్పటికీ ఎవలో ఒగరు కావాలె నీకు. దీనికి మాత్రం ఎర్కనా బిడ్డా, దాని మీద ఏమున్నదో?”

ఆమె పొక్కుల చేతులకు గంధకం నీళ్ళు తగిలి ఎంత చురుక్కుమని ఉంటుందో, చెప్పలేదు. నేను నిలబడి చూశాను. ఈ వారమంతా ఆ చూడడమే గుర్తొస్తోంది.

వారంలో మక్క ఒక్కసారే పడిపోయింది. భుజం మీద పొలుసు చాప చుట్టినట్టు లేచి వచ్చింది, కింద గులాబి రంగు చర్మం. పొట్టలో కదలిక ఉంది. ఈ రోజు సాయంత్రం అమ్మ నా చెయ్యి పట్టుకుని దాని పొట్ట మీద పెట్టి చూపించింది. దవాఖానలో అమ్మకు పూత మందు ఇచ్చారు. చేతుల్లో కొత్త పొక్కులు లేవు. నేను యార్డుకు పోయి బక్కమ్మతో మాట్లాడాను, ఇది మనుషుల గజ్జి కాదు, ఆమె నుంచి ఎవరికీ అంటదని. ఆమె నన్ను ఎగాదిగా చూసి, “సదువుకున్న పిల్లవు, గా ముచ్చట ముందుగాల్నే ఎందుకు జెప్పలే?” అంది. సోమవారం నుంచి రమ్మంది.

నీ కంపెనీ సంగతి బాపుకు చదవలేదు. ఆ రెండు పేరాలు దాటేసి చదివాను. నీలాగే నేనూ దాచాను. నాకు కోపం వస్తున్నది అందుకే కావచ్చు, ఎంత సులువో తెలిసింది. అమ్మకు మాత్రం చెప్పాను. అమ్మ “సంచిల ఏస్కొని తెచ్చిందా” అని, “రమ్మని రాయి దాన్ని” అంది. నీ సెలవు దొరికే ఆదివారం రా. బొగ్గును పెరట్లో ఎక్కడ పెట్టామో చూపిస్తాను. అక్కడ నిన్ను ఒక మాట అంటాను, పడు. నిండు చేతుల రవిక తొడుక్కుని రా, వచ్చాక నీతో కూడా పని ఉంది.

రేపు రెండో మునక. కాగు కడిగి వాకిట్లో బోర్లించాను. గంధకం, సున్నం పొట్లాలు గూట్లో ఉన్నాయి. బాపు తెల్లారకముందే పొయ్యి రాజేస్తానన్నాడు. నీళ్ళు కాగి రంగు తిరిగేలోపు నేను పెట్టెలో పీచు మార్చి, పాత పీచు కాల్చేస్తాను. మక్కను అమ్మ పట్టుకుంటుంది. కానీ మక్క రెండోది. రేపు పొద్దున మొదట దూది, దాన్ని నేను పట్టుకుంటాను.

నీ మరదలు
అనసూర్య